చెమ్మ తాగని పెట్టెలు

నల్లరేగడి నోరు తెరిచింది.

మొదట వెంట్రుకవాసి. తర్వాత వేలు పట్టేంత. ఉగాది వెళ్లేసరికి ఆళ్లగడ్డ చుట్టూ చేలన్నీ పగిలిన పెదవులతో, ఎవరినీ ఏమీ అడగకుండా, ఎండలో పడి ఉన్నాయి.

ఆ చేల అంచున ఒక వేపచెట్టు. చెట్టు కింద ఒక చెక్క పెట్టె.

పెట్టెకు చెవి ఆనించి కూర్చుంది ఎలిజబెత్.

లోపల హోరు... ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు.

ఆ నేల మీద ఆ వేసవిలో వాన చప్పుడు వినిపించే చోటు అదొక్కటే.

పోయిన ఏడాది అక్కడ పెట్టెలు బారులు తీరి ఉండేవి. ఎండ ముదిరాక కొన్నింటిలో మైనం మెత్తబడి తేనెపట్లు జారాయి. తేనెటీగలు తమ తేనెలోనే మునిగాయి. మిగిలినవి ఒక్కో మధ్యాహ్నం ఒక్కో గుంపుగా లేచి, నల్లమల వైపు వెళ్లిపోయాయి. ఇల్లు కాలిపోతుంటే ఆ జాతి ఈగ ఇంట్లో ఉండదు. లేచిపోతుంది. తిరిగి రాదు.

ఒక్క కుటుంబం నిలిచింది.

ఆమె తండ్రి కొండవాలు చెట్ల తొర్రల్లోంచి ఒట్టి చేతులతో పట్టి తెచ్చిన ఈగల సంతతి అది. ఏ అంగట్లోనూ దొరకదు. లారీల్లో వచ్చే పరదేశపు ఈగలు వేరు, ఇవి వేరు. ఈ కుటుంబం పోతే ఆమె దగ్గర తండ్రి ఈగ ఇక లేదు.

అందుకే విడదీయాలి. ఒకే పెట్టెలో ఉన్నది ఒకే దెబ్బకు పోతుంది. నాలుగు పిల్ల కుటుంబాలుగా విడదీస్తే — ఒకటి పోయినా మూడు. రెండు పోయినా రెండు. పాత పెట్టె అడుగును చెదలు ఎలాగూ తినేశాయి.

కానీ పిల్ల కుటుంబానికి రెక్కలు తక్కువ. రెక్కలతో విసురుకుంటూనే ఇల్లు చల్లబరుచుకోవాలి. అన్ని రెక్కలు వాటికి లేవు. కనుక ఇల్లే వాటిని కాయాలి.

ఏ ఇల్లు?

ఆమె ఏ వస్తువునైనా తిప్పి తిప్పి చూసి గాని చేతికి తీసుకోని మనిషి. నంద్యాల అంగడిలో తెల్లటి పిల్ల పెట్టెను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. థర్మాకోల్. గట్టిది, మందమైనది. పసిబిడ్డంత బరువు కూడా లేదు. గోరు గుచ్చి చూసింది. అంచు నొక్కి చూసింది. చీమలు తొలుస్తాయి. మైనపు పురుగు సొరంగాలు చేస్తుంది. రంగు వేయకపోతే ఎండకు పొడి రాలుతుంది. రోగం వస్తే చెక్కలా మంట చూపించి శుభ్రం చేయడం కుదరదు.

అన్నీ లోపాలే. ఒక్కటి తప్ప.

ఎండలో పెట్టిన పెట్టె మూత తీసి, లోపలి గోడకు అరచేయి ఆనించింది. చల్లగా ఉంది. తండ్రి చనిపోయిన తర్వాత ఏ వేసవిలోనూ అంత చల్లటి గోడను ఆమె తాకలేదు.

అంగడతను చెప్పాడు. "పగటిపూట మాత్రం ఈగలు వచ్చిపోయే మూతి మూయొద్దు మేడం. బయటి ఎండ లోపలికి రాదు. లోపలి వేడి బయటికీ పోదు."

ఆమె తల ఊపింది. అర్థమైంది. మనసులో రాసుకుంది.

మనసులో రాసుకున్నది చేతికి దిగడానికి కాలం పడుతుంది... అది ఆమె అప్పుడు ఎరగదు.

"ఏందిమే ఇవి?" తెల్ల పెట్టెలు ఇంట్లో దించగానే తల్లి రాములమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చాపలు అమ్మను పోతాండావా?"

హుస్సేన్ పీరా నవ్వలేదు.

ఆమె తండ్రికి జీవితమంతా పెట్టెలు చేసిన వడ్రంగి అతను. ఆమెను చెల్లా అని పిలిచి, పండుగకు సేమియా పంపే మనిషి. పెట్టెను ఎత్తి చూశాడు. వేలితో తట్టాడు. ఆ చప్పుడు అతనికి నచ్చలేదు.

"చెక్కకు ఊపిరుంటాది చెల్లా. దీనికి యాడుంది?"

"ఎండ ఆపుతుంది పీరన్నా."

"ఎండ నా పెట్టె ఆపలేదనేగా."

అది నిజం. అతనికీ తెలుసు.

"పోనీ, ఒక్క కుటుంబాన్నన్నా చెక్కలో పెట్టు. నేను చేసిస్తా. ఊరికే చేసిస్తా."

"సగం ఇట్లా సగం అట్లా పెట్టను అన్నా. నాలుగూ ఇందులోనే."

అతను బాడిసె సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు — "ఏదన్నా పని పడితే పిలుచు. పెట్టె నాది కాకపోయినా ఈగ మీ నాయనదేగా."

విడదీసింది. పాత రాణి ఒకచోట. రాబోయే రాణుల గూళ్లు తలా ఒకచోట. తెల్ల గోడల మీద లేత పసుపు రంగు పూసి, చీమలు ఎక్కకుండా పెట్టెల కాళ్లను నీళ్ల పళ్లేల్లో నిలబెట్టి, వేపచెట్టు కింద నాలుగు చిన్న ఇళ్లు.

కొత్త రాణులు వెలువడ్డాయి. జత కోసం ఎగిరి వెళ్లాయి. తిరిగి వచ్చాయి.

తిరిగి వచ్చాయి!

గుడ్లు కనిపించిన రోజున ఎలిజబెత్ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గదికొకటి — తెల్లటి నూలుపోగు ముక్కంత. చుట్టూ నేల నెర్రెలు విచ్చుతోంది. గాలి సెగలు కక్కుతోంది. లోపల, ఆ చల్లటి చీకటిలో, వాన చప్పుడు పెరుగుతోంది.

ఆమె ఎంపిక సరైనదే.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పీరాకు అసలే చెప్పలేదు.

పక్క చేను బెండ విత్తనాల పంట. మందు కొట్టే ముందు రోజు సాయంత్రం కబురు పంపడం ఆనవాయితీ. కబురు అందితే చీకటి పడ్డాక ఈగలన్నీ ఇల్లు చేరేదాకా ఆగి, మూతులు మూసి, పెట్టెలపై తడి గోనెపట్టాలు కప్పేవారు. తండ్రి కాలం నుంచీ అదే పద్ధతి. చెక్క ఆ చెమ్మను తాగేది. పలకల సందుల్లోంచి చల్లదనం లోపలికి దిగేది. మర్నాడు మందు గాలి పోయేదాకా ఈగలు ఆ తడి చీకటిలో క్షేమంగా ఉండేవి. చిన్నప్పుడు ఎలిజబెత్ ఆ గోనెల మీద చెంబుతో నీళ్లు పోసేది. పీరా నవ్వుతూ బిందె అందించేవాడు.

ఆ రోజు కబురు రాలేదు.

తల్లి కంటికి పొర కమ్మితే నంద్యాల ఆసుపత్రికి తీసుకువెళ్లింది ఎలిజబెత్. వరుసలో నిలబడి ఉండగా ఫోను మోగింది.

"చెల్లా, మందు కొడతాండారు! డ్రోను తెచ్చినారు. చెప్పనన్నా చెప్పలేదు నా కొడుకులు. నేను ఈ దోవన పోతా చూసినా. ఏం జేయమంటావ్?"

అతని మాట వెనుక ఒక హోరు. ఈగల హోరులాంటిదే. ప్రాణం లేనిది.

ఆమె ఆలోచించలేదు. ఆలోచించకుండా ఒక్క మాటా మాట్లాడని మనిషి — ఆలోచించలేదు.

"మూతులు మూసెయ్ అన్నా. గోనెలు తడిపి కప్పు. బేగా!"

ఆ మాటలు ఆమెవి కావు. తండ్రివి. ఆ గొంతు, ఆ తొందర, ఆ వరుస... అన్నీ చెక్క కాలపువి.

ఆసుపత్రి పనయ్యాక బస్సెక్కారు. కిటికీలోంచి వడగాలి. పక్కన కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న తల్లి. శిరివెళ్ల దాటాక ఎలిజబెత్ చేయి ఎందుకో కిటికీ కమ్మీకి తగిలింది. చురుక్కుమంది.

లోపలి వేడి బయటికీ పోదు.

ఫోను చేసింది. మోగింది. మోగి ఆగింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగి ఆగింది.

"ఏందిమే, ఎవురికి అన్నిసార్లు జేస్తాండావ్?"

ఎలిజబెత్ మళ్లీ నొక్కింది. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది.

ఆటోలో తల్లిని ఇంటి ముందు దించి, అదే ఆటోలో చేను దాకా వెళ్లి, అక్కణ్నుంచి పరుగెత్తింది.

పీరా చెట్టు కింద నిలబడి ఉన్నాడు. చొక్కా కొమ్మకు వేలాడుతోంది. చొక్కా జేబులో ఫోను. అతని మోచేతుల దాకా తడి. ఎంత శ్రద్ధగా చుట్టాడు! పైన మాత్రమే కాదు. పక్కలూ, గాలి ఆడటానికి అడుగున ఉన్న జాలీ కూడా. ఎక్కడా సందు లేదు. గోనె అంచులను పసిబిడ్డ గుడ్డల్లా లోపలికి మడిచాడు.

"ఒక చుక్క మందు పోలేదు చెల్లా లోపలికి," అన్నాడు. "నువ్వు చెప్పినప్పటి నుంచి ఆరనీకుండా పోస్తానే ఉండా."

ఆమె గోనెలు లాగేసింది. నాలుగూ. మూతులు తెరిచింది. నాలుగూ.

"ఏందీ, అప్పుడే తీస్తాండావ్? మందు వాసన ఇంకా పోలేదు!"

ఒక్క ఈగ కూడా బయటికి రాలేదు.

మొదటి పెట్టె మూత ఎత్తింది. కాగిన తేనె వాసన ముఖానికి కొట్టింది. ఆవిరి. పట్టు ఒరిగి ఉంది. అడుగున ఈగలు — తడిసి, నల్లబడి, ఒకదానికొకటి అతుక్కుని, ఒకే ముద్దగా.

రెండోది.

మూడోది.

నాలుగో పెట్టెలో పాత రాణి ఉంది. మూత మీద ఆమె చేయి పడింది. అక్కడే ఆగింది. చెవి ఆనించవచ్చు. ఆనించలేదు.

పీరా దగ్గరికి రాలేదు. రాణి ఉన్నచోటికి చెమట వాసనతో రాకూడదని ఆమె తండ్రి నేర్పిన మర్యాద. దూరం నుంచే మెడ సాచి చూశాడు.

"బెదిరినట్టుండాయి. లోపల ముడుచుకున్నాయా?"

ఆమె అతని వైపు చూసింది. ఆ ముఖంలో అలసట ఉంది. అలసట కింద, చాలా వారాల తర్వాత, ఒక సంతోషం ఉంది — పెట్టె తనది కాకపోయినా పిలిచింది అన్న సంతోషం.

చెప్పాలి. నేనే చంపాను అన్నా, నీ చేతులతో. ఇంతే మాట. ఇంతే.

"నేను బాగనే మూసినా గదా చెల్లా?"

గాలి ఆగింది. పక్క చేలోంచి మందు వాసన, చేదుగా.

"బాగానే మూసినావన్నా."

అతను తృప్తిగా తల ఊపాడు. బిందె వంచి చెంబు నింపాడు. ఆమె చేయి ఇంకా మూత మీదే ఉన్న ఆ నాలుగో పెట్టె మీద, ఆమె వేళ్లకు తగలకుండా, మెల్లగా పోశాడు.

నీరు గోడలోకి ఇంకలేదు. పసుపు రంగు మీద ముత్యాల్లా జారింది. అంచు దాకా వచ్చి, ఒక్క క్షణం వేలాడి, నల్లరేగడి పగులులోకి రాలింది.

నేల తాగింది.

ఇంకా నోరు తెరిచే ఉంది...