మేస్త్రి పెట్టిన కామ

పెరట్లో గొడ్డలి చప్పుడు ఆగిపోయేసరికి కొట్లో మేస్త్రి చేతిలోని చిత్రిక కూడా ఆగిపోయింది. ఆవిడ అక్కడ దుంగలు చీలుస్తుంటే ఈయన ఇక్కడ చెక్క నునుపు చేస్తూ ఉండటం ఏళ్ల తరబడి అలవాటు. మధ్యలో చప్పుడు ఆగిందంటే ఆవిడ మంచినీళ్లయినా తాగుతూ ఉండాలి, ఈయన్ని తిట్టడానికైనా బయల్దేరి ఉండాలి.

రెండోదే అయింది. భార్య గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో గొడ్డలి ఇనుము, ఇంకో చేతిలో విరిగిన కామ. ఆ కర్రకు తీగ చుట్టి, తీగ మీద గుడ్డపేలిక చుట్టి, పేలిక మీద సైకిలు ట్యూబు బిగించి ఉంది. అన్నీ మేస్త్రి చేసిన వైద్యాలే. నాలుగు వీధులకూ కుర్చీలూ కిటికీలూ చేసిపెట్టే వడ్రంగికి ఇంట్లో గొడ్డలి కామ మార్చే తీరిక మాత్రం దొరకలేదు. ఎప్పుడడిగినా "రేపు" అనేవాడు.

"సాయంత్రం బట్టీ బండి వస్తుంది. కట్టెలు పళ్లతో కొరికివ్వనా?" అంది ఆవిడ.

వెనక వీధి రొట్టెల బట్టీకి కట్టెలన్నీ ఆవిడే చీల్చి ఇస్తుంది. మనిషి మంచి పొడగరి, వెడల్పాటి భుజాలు. పక్కన నిలబడితే మేస్త్రి ఆవిడ చెవి దాకా వస్తాడు. పెళ్లిలో ఆ జోడీని చూసి ఎవరో నవ్వితే, "బీరువా ఎంత ఎత్తున్నా తాళం చిన్నదేగా" అని పెళ్లికొడుకే జవాబు చెప్పాడు.

"మధ్యాహ్నానికల్లా చేసి చేతిలో పెడతా పోవే," అన్నాడు.

ఈసారి ఆ మాటను నిజంగానే అన్నాడు. మేస్త్రి చేతిపని మెచ్చుకోనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు, ఆవిడ ఒక్కతి తప్ప. కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టె చేసిస్తే మూత బిగుతంది. పీట చేస్తే ఒక కాలు పొట్టి అంది. మంచం చేస్తే కిర్రుమంటోందంది. కూతురికి ఉయ్యాల చేస్తే, ఇది అసలు కిర్రుమనదేం, పిల్ల ఎలా నిద్రపోతుంది అంది. ఆవిడ నోట ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలని ఆయన కోరిక. ఈ వయసులో పెళ్లాం మెప్పు కోసం ఏడుస్తున్నాడంటే జనం నవ్విపోతారని ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. కానీ గొడ్డలి కామ ఆవిడ పొద్దస్తమానం పట్టుకునే వస్తువు. అది గనక కుదిరిందా, ఆవిడకు తప్పించుకునే దారి ఉండదు.

మూలన దాచుకున్న చేవగల కర్ర తీశాడు. బాడిసతో చెక్కాడు, చిత్రిక పట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం రుద్దుకున్నాడు. నిన్న మోసిన తలుపు బరువు అనుకున్నాడు. అంతా అయ్యాక చెయ్యి ఊరుకోలేదు. కింది కొసకు మంచం కోళ్లకు తీర్చినట్టు మూడు గుండ్రటి కట్లు తీర్చాడు. పైన ఇట్టే ఆరిపోయే పాలిష్ రెండు పూతలు వేశాడు. అద్దంలా మెరిసింది. గొడ్డలి బెజ్జంలో దిగ్గొట్టి, పెళ్లికూతుర్ని తీసుకొచ్చినట్టు పెరట్లోకి తీసుకొచ్చాడు.

ఆవిడ అందుకుంది. చేతులకు చెమట. గొడ్డలి తల మీదికి లేచింది గానీ దుంగ మీదికి దిగలేదు. సబ్బుముక్కలా చేతిలోంచి జారి, పిట్టగోడ దాటి, పక్కింటి దర్జీ పెరటి తలుపులో దిగబడింది.

మెడలో టేపుతో దర్జీ బయటికొచ్చాడు. గొడ్డలినీ గోడ మీంచి కనపడుతున్న రెండు తలలనీ చూశాడు.

"నా మీద కోపముంటే నోటితో చెప్పొచ్చుగా వదినా," అన్నాడు. తర్వాత తలుపును వేళ్లతో తడిమి, "నువ్వు చేసిందే అన్నా ఇది. గొడ్డలి పడినా చీలలేదు చూడు. ఏం తలుపు చేశావయ్యా," అన్నాడు.

"విన్నావా?" అన్నాడు మేస్త్రి భార్యతో.

"తలుపు సంగతి సరే. ఇది గొడ్డలి కామా, మంచం కోడా?"

మేస్త్రి జన్మలో గొడ్డలి ఎత్తి దుంగ చీల్చినవాడు కాదు. చూసేవాళ్ల కోసం చేశాడే గానీ పట్టుకునే మనిషి కోసం చేయలేదు. ఇనుము ఊడదీసి, కట్లు చెక్కేసి, గాజుపెంకుతో పాలిష్ గీకడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎదురుగా దుంగ మీద కూర్చుంది. మధ్యమధ్యలో కర్ర లాక్కుని పట్టుకుని చూడటం, "ఇక్కడ లావు", "ఇక్కడ గుచ్చుకుంటోంది" అని తిరిగివ్వడం. ఇద్దరూ అలా ఎదురెదురుగా కూర్చుని ఎన్నాళ్లయిందో.

చివరికి, "ఏదీ నీ చెయ్యి," అన్నాడు.

అరచెయ్యి విప్పి చూశాడు. వేళ్ల మొదట్లో కాయలు గట్టిపడి ఉన్నాయి. బొటనవేలి కింద ఒక పాత చీలిక మానీ మానకుండా ఉంది. అక్కడే తీగ కొస గుచ్చుకునేదని ఇప్పుడు తెలిసింది. మేస్త్రికి చచ్చేంత సిగ్గేసింది.

"ఎంతసేపు పట్టుకుంటావు, జాతకం చెప్తావా?" అంది ఆవిడ. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు.

ఆ కాయలు ఎక్కడ ఆనుతాయో అక్కడ పల్లం తీశాడు. పాత చీలిక దగ్గర కర్రను మరింత మెత్తగా గీకాడు. ఇనుము తొడిగి, అది వదులవకుండా పైనుంచి చెక్క చీల కొట్టి బిగించి ఇచ్చి, గోడ నీడలో పీట వేసుకు కూర్చున్నాడు.

ఒక్క దెబ్బకు దుంగ రెండయింది. ఆవిడ కామ వంక చూసింది. ఇంకో దుంగ పెట్టింది. అది కూడా రెండయింది. ఇక ఆగలేదు. బండికి కావలసినవి అయిపోయాయి, రేపటివి మొదలుపెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి, అడక్క తప్పక.

"ఒక్కపూట వాడి ఏం చెప్తాం? రేపు చెప్తా."

మేస్త్రి నవ్వాడు. "సరే, రేపే చెప్పు. వంకలన్నీ ఇవాళే ఏరి పెట్టుకో," అని గోడకు జారగిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా బట్టీ ఆయన బండితో వచ్చి, కట్టెల గుట్ట చూసి నిలబడిపోయాడు. "ఇన్ని కొట్టావేంటమ్మా? వీటిని పెట్టడానికి రొట్టెలు బయట పడెయ్యాలి నేను."

"నన్నంటావేంటి, ఈ కామ ఆగనిస్తేగా. అంత బాగుంది," అంది ఆవిడ.

అనేసి, నాలిక్కరుచుకుని, ఓరగా గోడ వైపు చూసింది. మేస్త్రి కళ్లు మూసుకుని తల కాస్త పక్కకు వాల్చి ఉన్నాడు. మళ్లీ అనిపించుకోవడానికి నాటకమని ఆవిడకు తెలుసు.

"నటించకు, విన్నావులే. రెండోసారి చెప్పను," అంది.

ఆయన పలకలేదు. బట్టీ ఆయన వెళ్లి భుజం తట్టాడు. తర్వాత గోడ అవతలికి చూసి దర్జీని పిలిచాడు. దర్జీ వచ్చి మేస్త్రి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ పీట పక్కన నేల మీద కూర్చుంది. "బాగుంది," అంది. ఆయన మోకాలు పట్టుకుని కుదిపి ఇంకోసారి అంది. "బాగుందయ్యా. నాకు అనడం చేతకాలేదు, అంతే. మా పుట్టింట్లో ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనలేదు." అప్పుడు ఏడ్చింది, వీధి చివరిదాకా వినిపించేట్టు.

మర్నాడు పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లనూ ఆవిడ పెరట్లోకి తీసుకెళ్లింది. గొడ్డలి ఇచ్చి పట్టుకుని చూడమంది. అందరూ పట్టుకుని చూసి, ఆ కర్ర తమ చేతికి సరిగా అమరకపోయినా బాగుందన్నారు. దర్జీ ఒక్కడే ఇనుము వైపు తిప్పి చూసి, చిన్న పని మిగిలిపోయింది వదినా, రంపం ఇస్తే నేను కోసేస్తా అన్నాడు. ఆవిడ గొడ్డలి తీసుకుని గోడకు ఆనించేసింది. మేస్త్రి దిగ్గొట్టిన చెక్క చీల ఇనుము పైన ఇంకా వేలెడంత పొడుచుకొచ్చి ఉంది.