మూడు లీటర్ల కుక్కరూ, ధనరాజు కూతురూ

నేను ఒక మూడు లీటర్ల కుక్కర్‌ని. రేకును నొక్కి పొట్ట చేసి, పిడి బిగించి ఫ్యాక్టరీ నుంచి పంపినప్పుడు ఏ కొత్త కాపురానికో వెళ్తానని మురిసిపోయాను. వెళ్లాను కూడా. కానీ ఆ దంపతులకు పెళ్లిలో నాలాంటివే నాలుగు వచ్చాయి, నన్ను అటకెక్కించారు. ఏడేళ్లకు దించి, హైదరాబాదులో ఆసుపత్రి వెనక లాడ్జిలో దిగిన బంధువులకు ఇచ్చారు. వాళ్లు ఊరెళ్తూ పక్కగదివాళ్లకు ఇచ్చారు. అలా చేతులు మారి ధనరాజు దగ్గరికి చేరాను.

ధనరాజుది రావులపాలెం, పెళ్లిళ్లకు వంట మేస్త్రి. మనిషి దిగి స్నానం చేయగల గుండిగలతో పనిచేసినవాడు నన్ను చూసి మొహం చిట్లించాడు. "ఇందులో వండితే పిల్లిక్కూడా సరిపోదండి" అన్నాడు పక్కగది కాంతమ్మతో. నాకు కోపం వచ్చింది.

అసలు సంగతి విన్నాక ఆ కోపం నిలవలేదు. అతని తొమ్మిదేళ్ల కూతురు లలితశ్రీకి కామెర్లు ముదిరి కాలేయం పాడైపోతే, తల్లి నూకరత్నం తన కాలేయంలో ముక్క ఇచ్చి దక్కించుకుంది. హమ్మయ్య అనుకున్న రెండో నెలలోనే పిల్లకు చిగుళ్లలోంచి రక్తం, ఒంటినిండా నల్లమచ్చలు. కొత్త కాలేయం బాగానే ఉంది గానీ, ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం మానేసింది. ఆరునెలలు మందులు వాడినా లొంగలేదు. చివరికి ధనరాజు తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పిల్లకు ఎక్కించారు. అది నిలదొక్కుకునేదాకా ఆమె ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణం ఒక్కటీ ఉండదు. అందుకే అద్దాల గదిలో తల్లీ కూతురూ, లాడ్జిలో తండ్రీ నేనూ. ఏది తిన్నా నాలో మూతపెట్టి ఉడికిందే తినాలి, గంటలోపు తినాలి. పచ్చిది ఏదీ తగలకూడదు.

మొదటి పదిరోజులూ మందుల ధాటికి పిల్లకు నోరంతా పుళ్లు. పంపిన డబ్బా పంపినట్టే తిరిగొచ్చేది. పదకొండో రోజు పిల్ల ఫోను చేసి, "నాన్నోయ్, పప్పుచారు అంపవా?" అంది. ధనరాజు కందిపప్పు గింజ గింజా ఏరాడు. నేను ఐదు విజిళ్లు వేశాను. మూత తీసి వాసన చూసి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ గుప్పెడు పచ్చి కొత్తిమీర పైన చల్లేశాడు! మూత తీశాక నాకు గొంతుండదు, అరవలేకపోయాను. వేడి చల్లారకూడదని నన్నే తువ్వాల్లో చుట్టుకుని పరిగెత్తాడు.

తెరిచి చూడనిదే ఏదీ లోపలికి పంపని సిస్టర్ సువార్త గుమ్మంలోనే ఆపింది.

"ఏందన్నా ఇది? పచ్చాకు చల్లుతరా? పాపకేమన్న అయితే?"

"చెయ్యి ఆగలేదమ్మా" అంటూ, వేలమందికి వండి పెట్టిన మనిషి అక్కడే ఏడ్చేశాడు.

"ఏడిస్తే పాప కడుపు నిండుతదా? పో, మళ్ల వండుకొనిరా. డ్యూటీ అయిపోయినా నేనుంట."

మళ్లీ పరుగు, మళ్లీ ఐదు విజిళ్లు. ఈసారి కొత్తిమీర కూడా నాలోనే ఉడికింది. పిల్ల నాలుగు ముద్దలు తిన్నదని తెలిసి ధనరాజు ఆనందం పట్టలేక నన్ను ముద్దుపెట్టుకున్నాడు. మూతి కాలింది. మనుషులకు సంతోషమొచ్చినా కష్టమే.

ఇరవయ్యో రోజు డాక్టరమ్మ అతన్ని పిలిచి చెప్పింది: తెల్లకణాలు వరుసగా మూడు రోజులు పెరిగాయి, మూలుగ నిలదొక్కుకుంది. ధనరాజు లాడ్జి మెట్ల దగ్గరినుంచే పెళ్లిపందిట్లో కేకేసినట్టు అరిచాడు. "నిలబడిందండోయ్! మా అమ్మాయి ఎముకల్లో రక్తం పుడతందండోయ్!"

లాడ్జి ఉమ్మడి వంటింట్లో అప్పుడు, అతను కాంతమ్మకు అప్పగించి వెళ్లిన నాతో కలిపి, ఆరుగురం కుక్కర్లం పొయ్యిల మీద ఉన్నాం. కాంతమ్మ కళ్లు తుడుచుకుని గరిటెతో నా వెయిటు ఎత్తింది. అది చూసి మిగతావాళ్లూ ఎత్తారు. ఆరు గొంతులూ కలిసి వేసిన కేకకు వీధిలో ఆటోలు ఆగాయి. ఇన్నేళ్లలో నేను అంత గర్వంగా ఎప్పుడూ అరవలేదు.

కొన్ని వారాలకు లలితశ్రీ మాస్కు కట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకుని లాడ్జికి వచ్చింది. ఆ ఒంట్లో కాలేయం అమ్మది, మూలుగ నాన్నది. "నాన్నా, ఆకలేస్తంది" అంది వస్తూనే. ఆ ఆకలి మాత్రం అచ్చంగా ఆ పిల్లదే. ధనరాజు వండిందంతా తినేసి, ఇంకా చాలక, నన్ను ఒళ్లో పెట్టుకుని అడుగు వేలితో ఊడ్చి నాకేసింది.