నాలుగు డిగ్రీల దగ్గర

ఆర్నికి పాఠం చెప్పడం రాదని పోయిన వసంతంలోనే తేలిపోయింది. మూడేళ్లుగా సరస్సుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. మంచు పలకని చూసి అది ఏ వారంలో కట్టిందో చెప్పేయగలడు. అలాంటివాణ్ణి మొదటి ఏడాది పిల్లల ముందు నిలబెడితే, బోర్డువైపు తిరిగి బోర్డుకే చెప్పుకున్నాడు. పిల్లలు ఆ ముక్కే ఫీడ్‌బ్యాక్‌లో రాసి పెట్టారు. ప్రొఫెసరు పిలిచి, "హిల్కా గారి దగ్గర శిక్షణకి వెళ్లు. ఆవిడ సరేనంటే ఆ గురువారం క్లాసు మళ్లీ నీదే. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తా," అన్నాడు. ఆర్నికి ఆ క్లాసు కావాలి. పరిశోధన ఎవడైనా చేస్తాడు, తనకి టీచరవ్వాలని ఉంది. ఆ సంగతి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు గానీ, అదే అతని ప్రాణం.

హిల్కా గారు ఇరవై ఏళ్లుగా పీహెచ్‌డీ వాళ్లకి పాఠం చెప్పడం నేర్పుతోంది. పద్ధతి తేలికే. ఒకరు ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి, మిగతా ఆరుగురూ మొదటి ఏడాది పిల్లల్లా కూర్చోవాలి. చిక్కల్లా ఒకటే. ఫిన్లాండ్ వాళ్లని వాళ్ల మానాన వదిలేస్తే ఇరవై నిమిషాలూ నోరు మెదపరు. అర్థమైనా అదే మొహం, కాకపోయినా అదే మొహం. అందుకని ఆవిడ చీటీలు పంచుతుంది. ఒకడు ఫోన్ చూడాలి, ఒకడు ఆవులించాలి, ఒకరు అర్థం కాలేదంటూ ప్రాణం తియ్యాలి. కిందటి రెండు వారాలూ ఈ వేషాలు ఎంత బాగా కట్టారంటే, ఒకమ్మాయి పాఠం మధ్యలో కన్నీళ్లు పెట్టుకుంది.

మంగళవారం పొద్దున ఆర్ని వంతు. కిటికీలోంచి సరస్సు కనిపిస్తోంది, ఒడ్డున అప్పుడే పలచగా మంచు కడుతోంది. హిల్కా గారు చీటీలు పంచి, కాఫీ కప్పు పట్టుకుని వెనక కూర్చుంది.

"చల్లబడ్డ నీళ్లు బరువెక్కుతాయి," అని మొదలుపెట్టాడు ఆర్ని. "బరువైనవి కిందికి దిగుతాయి. అందుకే చలి మొదలవగానే సరస్సులో పైనీళ్లు అడుక్కి పోతాయి." బోర్డు మీద సరస్సు గీసి, అడుగున నాలుగు డిగ్రీలని రాశాడు. ఇంతలో అడవుల మీద పరిశోధన చేసే టౌకో నోరంతా తెరిచి ఆవులించాడు. ఓహో, ఆవులింత వీడికి పడిందన్నమాట, అనుకున్నాడు ఆర్ని. ఇంకొకతను బల్ల కింద ఫోన్ తీశాడు. అదీ చీటీయే.

న్యాయశాస్త్రం చదివే సానెల్మా చెయ్యెత్తింది. "చల్లటి నీళ్లు అడుక్కి పోతే, మంచు అడుగునే కట్టాలి కదా? మరి పైన ఎందుకు కడుతోంది?"

"నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి."

"అదే అర్థం కాలేదు. సున్నా డిగ్రీలు ఇంకా చల్లన కదా? ఇంకా బరువెక్కాలి కదా?"

'అర్థం కాలేదు' అనే చీటీ ఈవిడకి పడింది, అనుకుని అన్నదే మళ్లీ అన్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. పక్కనున్న ముగ్గురూ బుద్ధిగా తలలూపుతున్నారు. ఆ ఊపడం కూడా చీటీయేనా? ఫోన్ తీసినవాడు ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అది చీటీయా, వాడి అలవాటా? వీళ్లలో ఊరికే వినేవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఈ లెక్కలు వేసుకుంటూ ఆర్ని తన పాఠం ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయాడు.

"నాకు నిజంగా అర్థం కాలేదు," అంది సానెల్మా మూడోసారి.

"బాగా చేస్తున్నావు. ఆ 'నిజంగా' అన్నది ఇంకా బాగుంది," అని నవ్వాడు మహానుభావుడు. ఆవిడ మొహం కందగడ్డైపోయింది. పెన్ను కింద పెట్టేసింది.

హిల్కా గారు లేచింది. "ఇంకా ఐదు నిమిషాలుంది. ఈలోపు చీటీలు చదవండి."

టౌకో చదివాడు. "ఈ రోజు వేషం లేదు. నువ్వు నీలాగే కూర్చో." రెండోవాడూ అదే చదివాడు. మూడోదీ అదే. సానెల్మా చీటీ చదవలేదు, ఊరికే చూపించింది. అదీ అంతే.

"మరి ఆవులింత?" అన్నాడు ఆర్ని టౌకోని చూసి.

"నాదే. ఏమనుకోకు, మరీ నిద్రొచ్చింది."

"తలలూపారు కదా మీరంతా?"

వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "నువ్వు మమ్మల్ని చూశావు. అందుకని ఊపాం," అన్నాడొకడు.

ఆర్ని వెళ్లి ఒక్కొక్కరి నోట్సూ అడిగి చూశాడు. ఐదుగురి పుస్తకాల్లోనూ ఒకటే వాక్యం ఉంది: చల్లబడ్డ నీళ్లు కిందికి దిగుతాయి. తను చెప్పిందే. ఎన్ని డిగ్రీల దాకా దిగుతాయో, ఆ తర్వాత ఏమవుతాయో తను చెప్పనే లేదు. పప్పులో కాలేసింది తనైతే, వేషమని వెక్కిరించింది సానెల్మాని. సిగ్గుతో చచ్చిపోయాడు.

"సానెల్మా, నన్ను క్షమించు. నేను తప్పు చెప్పాను. నాలుగు డిగ్రీల దాకానే నీళ్లు బరువెక్కుతాయి. ఆ తర్వాత ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతాయి. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏమవుతుందో."

ఆవిడ వెంటనే చెప్పలేదు. అందరూ ఊరుకున్నారు. ఆర్నికి ఆ ఊరుకోవడం భరించలేనంతగా ఉన్నా నోరు మూసుకుని నిలబడ్డాడు.

"అయితే తేలికైనవి ఇంక దిగలేవు," అంది మెల్లగా. "పైనే ఉండిపోతాయి. చలి తగిలేదీ పైనే. అక్కడే గడ్డకడతాయి. అడుగున నాలుగు డిగ్రీలు అలాగే ఉంటుంది. అందుకేనా చేపలు చావవు?"

"అందుకే," అన్నాడు ఆర్ని. చేపల మాట అతనెత్తనే లేదు.

హిల్కా గారు కాగితం మీద రెండు లైన్లు రాసి చేతిలో పెట్టింది. గురువారం పదింటికి క్లాసు ఆర్నిదే. సంతోషించాల్సినవాడు కాగితం పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు. గురువారం ఎనభైమంది ఉంటారు. తను చూస్తే ఎనభైమందీ తలలూపుతారు. అందులో ఏది నిజం ఊపో ఎలా తెలుస్తుంది? ఆవిణ్ణి అడుగుదామని తిరిగేసరికి హిల్కా గారు కప్పు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

సానెల్మా కోటు వేసుకుంటుంటే ఎదురెళ్లాడు. "గురువారం పదింటికి ఖాళీయేనా? వచ్చి ముందు వరసలో కూర్చుంటావా? ఇవాళ అడిగావు చూడు, అలా అడుగు. నీకు పుణ్యముంటుంది."

ఆవిడ బొత్తాలు పెట్టుకుంటూ అతన్ని జాలిగా చూసింది.

"రావడానికేం, వస్తాను. కానీ నాకు అర్థమైపోయింది కదా ఆర్నీ. ఇంక నేనేం అడగను?"