పాత పాఠకురాలు

తడి తువ్వాలు మంచం మీద పడేసిందని పొద్దున్నే మా అమ్మాయితో గొడవ పెట్టుకున్నాను. "అదే ఆరిపోతుందిలే అమ్మా" అంది, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

టీవీ సీరియల్లో చంపేసిన డాక్టర్ని అది తన కథలో బతికించి, వారానికో భాగం నెట్‌లో పెడుతోంది. ఆ సీరియల్ రాసినవాళ్లకి మనసనేదే లేదట. ప్రతి భాగం కిందా 'పాత పాఠకురాలు' పేరుతో తప్పులు పట్టేది నేనేనని దానికి తెలియదు. ఆపరేషన్ చేసొచ్చి చేతులు కడుక్కోకుండానే భోజనానికి కూర్చుంటాడా అని పోయినవారం నిలదీశాను. "ఈవిడ ఇలాగే తగులుకుంటే కథ ఆపేస్తా" అని ఇంట్లో విసుక్కుంది. అమ్మో, డాక్టర్ పెళ్లి ఇంకా కాలేదాయె!

ఈరోజు భాగంలో ఆ డాక్టరు, నాయిక మంచం మీద పడేసిన తడి తువ్వాలును మురిపెంగా తీసి ఆరేశాడు. ఎంత ఓర్చుకున్నా నావల్ల కాలేదు. "పరుపు కంపు కొడుతుంటే ప్రేమ ఎన్నాళ్లుంటుంది? పైగా 'అదే ఆరిపోతుందిలే' అనే పిల్లతో!" అని రాసేశాను.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి పళ్లెంలో అన్నం కెలుకుతోంది.

"ఏమ్మా, మీ డాక్టర్ మళ్లీ పోయాడా?" అన్నారు మావారు.

"లేదు నాన్నా. కథ ఆపేద్దామనుకున్నా గానీ, ఆపను. ఇకమీదట ప్రతి భాగం నెట్‌లో పెట్టకముందే పాత పాఠకురాలికి చూపిస్తా." నావైపు తిరిగింది. "'అదే ఆరిపోతుందిలే' అని నా కథలో ఎవరూ అనలేదు. ఆ ఉప్పు కాస్త ఇలా అందిస్తారా, పాఠకురాలు గారూ?"