గంట మోగితే ఎవరైనా

"పాలు చూడు. అలాగే ఆ రియాక్టర్ కూడా ఓ కంట చూడు" అని భర్త ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పాలు పొయ్యి మీద, రియాక్టర్ కంప్యూటర్లో. ఒకటి పొంగుతుంది, ఒకటి పేలుతుంది. ఏది జరిగినా మాట పడేది ఆమె ఒక్కతే.

దిమ్మెలు పేర్చి ఊళ్ళు కట్టే ఆట అది. అతనూ నలుగురు స్నేహితులూ దానికి మాడ్ అనే ఓ అదనపు తోక తగిలించి, ఊరి దీపాల కోసం అణు రియాక్టర్ పెట్టుకున్నారు. ఆట అయిదుగురిది, కాపలా ఆమెది. "ఊరికే కూర్చుని చూడ్డమేగా!" అన్నాడతను. నిజమే. వెలుగు ఊరికి, చాకిరీ ఊరికే.

పెళ్ళికి ముందు నీటి సరఫరా కేంద్రంలో కంట్రోల్ రూమ్ నడిపిన మనిషి. ఆటలోని చిన్న కంప్యూటర్ దిమ్మెకి రెండు మధ్యాహ్నాల్లో ప్రోగ్రామ్ రాసి పడేసింది. వేడి హద్దు దాటితే చల్లార్చే కడ్డీలు దించు. నీళ్ళు తగ్గితే పంపు తిప్పు. భర్త మురిసిపోయి స్నేహితులకి ఫోన్ చేశాడు. "మనం ఆటోమేట్ చేసేశాం రా!" ఆ 'మనం'లో తనెక్కడుందో ఆమె చాలాసేపు వెతుక్కుంది.

అయినా రియాక్టర్ హెచ్చరిక గంట మోగుతూనే ఉంది. ఇంట్లోనూ, ఆ అయిదుగురి ఫోన్లలోనూ. తడి చేతులతో పరుగెత్తుకొచ్చి మీట నొక్కేది మాత్రం తనే. అన్నీ అదే చేసుకుంటుంటే తనకీ పరుగేమిటి? లోపం రియాక్టర్‌దా, తన రాతదా, తలరాతదా?

ఆ అయోమయంలోనే పాత ఆఫీసు సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. "రెండు నుంచి ఆరు షిఫ్టు ఖాళీగా ఉందమ్మా. సోమవారం నుంచి వస్తావా?"

"ఇంట్లో చూసేవాళ్ళుండరండీ" అనేసింది నోరు. అదీ ఆటోమేటిక్కే!

"తొందరేం లేదు, రేపు పొద్దున చెప్పు."

భర్తకి చెబితే, "వెళ్ళు, నేనేమైనా వద్దన్నానా? కానీ గంట మోగితే?" అన్నాడు. అత్తగారు ఒక్క మాటే అన్నారు. "మరి పాలో?"

ఆమె ప్రోగ్రామ్ తెరిచింది. చివరి వరుస ఇలా ఉంది: గంట మోగించు. ఎవరైనా ఆటలోకి వచ్చి మీట నొక్కేదాకా మోగిస్తూనే ఉండు.

రాసింది తనే. 'ఎవరైనా' అని రాస్తున్నప్పుడు మనసులో ఎవరున్నారు? భర్తా? ఆ నలుగురిలో ఒకరా? ఎంత తవ్వినా ఒక్క మొహమే కనిపించింది, తనది. యంత్రానికి అన్నీ నేర్పి, ఆఖర్న తననే ఓ మరమేకులా బిగించుకుంది. అలవాటా, ప్రేమా, భయమా? తేలలేదు. తేలకుండానే ఆ వరుస చెరిపేసి మరోటి రాసింది: గంట మోగించు. పది నిమిషాల్లో ఎవరూ రాకపోతే పూర్తిగా ఆగిపో.

తెల్లారాక సూపర్‌వైజరమ్మకి వస్తానని చెప్పింది.

సోమవారం మూడింటికి, కంట్రోల్ రూమ్‌లో నీటిమట్టం చూపే ముళ్ళ ముందు కూర్చుని ఉండగా భర్త ఫోన్.

"ఊరంతా చీకటి! ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ. మీ అందరి ఫోన్లలో గంట మోగింది. ఎవరూ రాలేదు."

"ఎవరూ అంటే?"

"అదే నాకూ అర్థం కాలేదండీ ఇన్నాళ్ళూ."