నెల్లూరు ముక్కు

గ్లాసులు కడిగేముందు ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకోవడం ప్రేమలీలకు అలవాటైపోయింది. ఖాళీ గ్లాసులో ఏముంటుందిలే అనుకునేవాళ్లకు విస్కీ సంగతి తెలియదన్నమాట. తాగేసి పక్కన పెట్టాక, అడుగున తడి ఆరుతున్నప్పుడు గ్లాసు అసలు కబుర్లు మొదలుపెడుతుంది. ఒకదాంట్లో పాత బెల్లం, ఒకదాంట్లో ఎండుద్రాక్ష, ఇంకొకదాంట్లో వానకు తడిసిన కట్టెలపొయ్యి. ఒక చేతిలో సబ్బు పీచు, ఇంకో చేతిలో గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకున్న ఆమెను చూస్తే, పాపం నిద్ర ముంచుకొచ్చినట్టుంది అనుకుంటారు. నిద్రా పాడా! వారం మొత్తంలో ఆమెకు ఒళ్లంతా మెలకువగా ఉండేది ఆ పది నిమిషాలే.

ఆ ఆదివారం మాత్రం పొద్దున్నే గ్లాసులు ముందేసుకుని కూర్చుంది. కడిగి, తుడిచి, మళ్లీ వాసన చూసి, కొంచెం సబ్బు అనిపించిన వాటిని మళ్లీ కడిగింది. గ్రూపు వాళ్లు మొట్టమొదటిసారిగా విడవలూరులోని వాళ్ల ఇంటికి వస్తున్నారు. వచ్చేది భర్త స్నేహితులే అయినా గుండె దడదడలాడుతున్నది మాత్రం ఆమెకే.

గ్రూపంటే ఫోన్లో గ్రూపు. పేరు ‘ఈ వారం గ్లాసులో’. కావలి నుంచి తడ దాకా ముప్పైమంది ఉంటారు. ప్రతి ఆదివారం ఎవరు ఏ విస్కీ తాగుతున్నారో ఫొటో పెట్టి, దాని వాసనేమిటో రుచేమిటో రాయాలి. ఆ తర్వాత పోలికలు, పోట్లాటలు. బెంగుళూరు సీసా గొప్పదని ఒకరంటే, జపాన్‌దాని ముందు అది నిలబడదని ఇంకొకరు. వీళ్లను తాగుబోతులంటే ఊరుకోరు. అడుగున రెండు వేళ్ల మందం పోసుకుని దాన్ని ఊపుతూ, వాసన పీలుస్తూ, దీపానికి అడ్డం పెట్టి చూస్తూ రెండు గంటలు గడిపే రకం. వాళ్లందరూ కాచుకుని ఉండేది ప్రేమలీల భర్త నరేంద్రబాబు రాసే మూడు లైన్ల కోసం. మిగతావాళ్లు ‘స్మూత్‌గా ఉంది’, ‘అదిరింది’ అని రాస్తే, ఆయన ‘చింతపండు నానబెట్టిన రాగిచెంబు’ అని రాస్తాడు. ‘మామిడితాండ్ర ఆరబెట్టిన చాప’ అని రాస్తాడు. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఆయనకు వాళ్లు ఇచ్చిన బిరుదు నెల్లూరు ముక్కు.

ఆ ముక్కు ప్రేమలీలది. నరేంద్రబాబు ముక్కు కరోనాతోనే పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. రొయ్యల సాగు చేసేవాడికి బురద వాసన కూడా తెలియదంటే నలుగురిలో నామోషీ అని ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం గ్లాసు పట్టుకుని వంటింట్లోకొచ్చి, “లీలా, ఇది ఎట్టుందో చూడు” అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను ఏదైనా ఎలా ఉందని అడగడం అదే మొదలు. కూర ఎలా ఉందో ఆయనే చెప్పేవాడు, ఆమె కట్టుకున్న చీర ఎలా ఉందో కూడా ఆయనే చెప్పేవాడు. ఆమె చేతులు కడుక్కుని, పైటకు తుడుచుకుని, గ్లాసు అందుకుంది. ఒక్క పీల్పుతో మేనత్త ఇంటి అటక, అటక మీద బెల్లం కుండ, కుండ మూతికి కట్టిన పాతగుడ్డ, అన్నీ వచ్చి ముందు నిలబడ్డాయి. ఆమె చెప్పింది. ఆయన ఫోన్లో కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ తెరిచి చూసుకుంది. తన మాటకు ఇరవై ఆరు చప్పట్లు. ఎంత సంతోషమేసిందంటే, పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. సంతోషంతోపాటే గొంతులో చేపముల్లు లాంటిది కూడా ఒకటి దిగింది. నెల తర్వాత ఉండబట్టలేక అడిగింది. “నా పేరు గూడా పెట్టొచ్చు గదండీ?” ఆయన పగలబడి నవ్వాడు. “మా ఆవిడ విస్కీ వాసన చూస్తాదని రాయమంటావా? నీ పరువు కోసరమేమే నేను దాచేది.” ఎవరి పరువు ఎవరు దాస్తున్నారో ఆమెకు తెలుసు. అయినా మళ్లీ అడగలేదు. అడిగితే ఆ గ్లాసు వంటింట్లోకి రావడం మానేస్తుందేమోనని భయం.

ఈ ముక్కు ఆమెకు కొత్తగా రాలేదు. ఆమె నాన్న రమణయ్య రొయ్యల గుంటల మీద బతికినవాడు. పొద్దున్నే గుంటలో దిగి, అడుగునున్న బురద గుప్పెడు తీసి గట్టు మీద నిలబడ్డ పిల్ల ముక్కు దగ్గర పెట్టేవాడు. “ఏందమ్మాయ్, ఎట్టుందో చెప్పు.” కుళ్లు వాసన రెండ్రోజుల ముందే పట్టేసేది ఆ పిల్ల. అప్పుడాయన గట్టు మీద ఉన్నవాళ్లందరికీ వినపడేలా అరిచేవాడు. “మా లీల చెప్పింది, నీళ్లు మార్చండి!” అత్తగారింటికి వచ్చిన వారానికి, పాలు విరుగుతాయని కాచకముందే చెప్పింది. విరిగాయి. అత్తగారు వెంకటశేషమ్మ మెచ్చుకోలేదు సరికదా, “కుక్కముక్కు పిల్లని తెచ్చుకున్నాం. ఆడదానికి ఇంత ముక్కేంది?” అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. అదే ముక్కు కొడుకు పేరు మీదికి వచ్చేసరికి బిరుదైంది.

పదకొండు గంటలకు కారు ఆగింది. ముందు దిగింది కొడవలూరులో రైస్‌మిల్లున్న పెంచలకృష్ణ. వెనక, రిటైరైన కాలేజీ లెక్చరర్ పద్మనాభయ్య, ఇంకో ఇద్దరు. చివర తడ దగ్గర కంపెనీలో సరుకు నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేసే వినీల. ముప్పై ఏళ్లుంటాయి. సీసాను మెడ దగ్గర, కూరగాయల సంచి పట్టుకున్నంత మామూలుగా పట్టుకుని లోపలికొచ్చి, “నమస్తే అక్కా” అంది. ప్రేమలీల ఆమె చేతినే చూస్తూ ఉండిపోయింది. సీసాను చీర కుచ్చిళ్లలో దాచాల్సిన పనిలేని ఆడపిల్లను ఆమె ఇంత దగ్గరగా చూడటం ఇదే.

ఆ రోజు పందెం ఇది. సీసాలు ఆరు. వినీల లోపలి గదిలో గ్లాసుల్లో పోసి, నంబర్లు వేసి తెస్తుంది. ఏ నంబరు ఏదో ఆమె చీటీలో రాసుకుంటుంది. మిగతావాళ్లు ముందు అరగంట వాసన చూసి ఏ నంబరు ఏ విస్కీయో కాగితం మీద రాయాలి, ఆ తర్వాత అందరూ ఒక్కసారే నోట్లో పోసుకోవాలి. నరేంద్రబాబు ఏర్పాటు వేరే ఉంది. నడుస్తూ వాసన చూస్తున్నట్టు పెరట్లోకి వచ్చి, గ్లాసు వంటింటి కిటికీలోంచి అందిస్తాడు. ప్రేమలీల చెబుతుంది. ఆమె ఒక్కటే షరతు పెట్టింది, పందెం అయ్యేదాకా పొయ్యి వెలిగించనని. “వచ్చినోళ్లకి వేపుడు లేకుండా ఎట్టా?” అన్నాడు. “నూనె కాగితే ఇంక వాసనలేం తెలుస్తాయండీ?” అంది. ఉప్పూకారం పట్టించిన రొయ్యలను ఫ్రిజ్‌లో పెట్టి ఉల్లిపాయల జోలికి కూడా పోలేదు.

“అన్నా, చిన్న కొలతేమన్నా ఉందా? అన్నిట్లో సమానంగా పొయ్యాల” అని గదిలోంచి వినీల అడగడం, నరేంద్రబాబు షెడ్డులోకి వెళ్లి ఏదో ప్లాస్టిక్ కొలత గ్లాసు తెచ్చి పంపు కింద జాడించి ఇవ్వడం ప్రేమలీల కిటికీలోంచి చూసింది. చూసి ఊరుకుంది.

వసారాలో గోల మొదలైంది. “మూడో నంబరు పొగబ్బా! స్కాట్లాండు దీవి విస్కీ, రాసిపెట్టుకోండి!” పెంచలకృష్ణ గొంతు. “నాకు రెండు గూడా దాని తమ్ముడిలాగే ఉంది. అదుగో, ఆ ఆస్పత్రి వాసన!” పద్మనాభయ్య గొంతు. “అయిదులో కూడా ఉంది సార్, వీళ్లంతా దీవి సీసాలే తెచ్చినారా ఏంది?” ఇంకొకరు. ప్రేమలీల కిటికీ ఊచలు పట్టుకుని వింటోంది. క్రికెట్ వ్యాఖ్యానం వినేవాడికి ఉన్నంత ఉద్రేకంగా ఉంది ఆమెకు. ఆరు గ్లాసులు, ఆరూ తెలియనివి! ముక్కుపుటాలు వాటంతట అవే విచ్చుకుంటున్నాయి.

నరేంద్రబాబు ముందుగా రెండో నంబరు అందించాడు. ఆమె కళ్లు మూసుకుంది. అడుగున తీపి, కాల్చిన మొక్కజొన్న పొత్తు, కొంచెం వెనిల్లా. దాని పైన మాత్రం ఇంకొకటి అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. చిన్నప్పటి నుంచి నాన్న చేతుల్లో, ఇప్పుడు రొయ్యల మందులు పెట్టే షెడ్డు గుమ్మంలో, మొగుడి చొక్కాల్లో ఉన్న వాసనే.

“ఇది విస్కీ వాసన కాదండీ. మన గుంటల్లో పోసే అయోడిన్ మందు. మీరిచ్చిన కొలత దేనిది?”

ఆయన ముఖం పాలిపోయింది. “కడిగే ఇచ్చినా గదా.”

“కడిగితే పోతాదా? ప్లాస్టిక్ పట్టేసుకుంటాది. వాసన చూడకుండా...” అని ఆగిపోయింది. ఎలా చూస్తాడు?

అప్పుడర్థమైంది ఆమెకు, అందరూ దీవి విస్కీ దీవి విస్కీ అని ఎందుకు గంతులేస్తున్నారో. ఆ విస్కీకి సహజంగానే మందుల వాసన ఉంటుంది. వినీల మొదట ఆ సీసానే తెరిచి ఉంటుంది, గదంతా ఆ పొగే నిండి ఆమెకూ తేడా తెలిసి ఉండదు. “పోయి చెప్పండి, పారబోస్తారు” అంది.

“చెప్పబాక!” ఆయన కిటికీకి మరీ దగ్గరగా వచ్చాడు. “కొలత నేనిచ్చినానని వాళ్లకి తెలుసు. ముక్కు ముక్కు అని నెత్తిన పెట్టుకున్నోళ్ల ముందర, నాకు ముక్కే లేదని తేలిపోతే తలెత్తుకోగలనా? రవ్వంత వాసనే గదా, ఎవురూ చచ్చిపోరు. రెండోది ఏందో అది చెప్పు నువ్వు. నేను రాసుకుంటా.”

ఇన్నేళ్లుగా తన ముక్కు ఆయన పరువుకు కాపలా కాస్తోంది. పోనీలే అనుకుంది. ఇప్పుడా పరువు కోసం ఇంటికొచ్చిన మనుషులు గుంటల మందు తాగాలా? డెబ్బై దాటిన పద్మనాభయ్య గారు తాగాలా? అక్కా అని పిలిచిన ఆ పిల్ల తాగాలా? ఒళ్లు మండింది ఆమెకు. మంటతోపాటు, చెప్పుకోవడానికి సిగ్గుగానీ, ఒక ఉత్సాహం కూడా ఉంది. నాకు తెలుసు, ఇంతమందిలో నాకొక్కదానికే తెలుసు! నాన్న అరుపు చెవుల్లో మోగింది.

వసారాలో పద్మనాభయ్య లేచి, “టైమైపోయింది. ఇంక అందరం ఒక్కసారే...” అంటున్నాడు. గ్లాసులు పైకి లేచాయి.

“తాగబాకండి!” ప్రేమలీల గుమ్మం దాటి వచ్చేసింది. “ఎవురూ తాగబాకండి!”

అందరూ ఆగి చూశారు. పెంచలకృష్ణ నవ్వాడు. “ఏం వదినా, మీ వేపుడు రాందే తాగకూడదా?”

“అందులో అయోడిన్ ఉంది. రొయ్యల గుంటల మందు.”

“అదా! ఆ వాసన ఉంటేనే గొప్ప వదినా. దీవి విస్కీ అంటే అట్నే ఉంటాది. మీకు తెలవదులే.”

మిగతావాళ్లూ నవ్వారు. ఇరవై ఏళ్లుగా ఆ నవ్వు విన్నప్పుడల్లా లోపలికి వెళ్లిపోవడం ఆమెకు అలవాటు. ఈసారి కాళ్లు కదల్లేదు. పెంచలకృష్ణ ముందున్న మూడో నంబరు గ్లాసు తీసి వాసన చూసింది. “తెలుసన్నా. దీవి విస్కీలో ముందర పొగ వస్తాది, మందు వాసన దాని వెనకాల వస్తాది, ఉప్పుగాలి తోడుంటాది. మూడోది దీవిదే, మీరన్నది నిజమే. కానీ రెండోది మొక్కజొన్న విస్కీ. దానికి అయోడినెట్టా వస్తాది?”

వినీల చీటీ చేతిలో పట్టుకుని ఎగిరినంత పని చేసింది. “రెండు అమెరికాది! మొక్కజొన్నదే! మీరందరూ దీవి దీవి అంటా ఉంటే నాకు పిచ్చెక్కతా ఉంది సార్!” గదిలోకి పరిగెత్తి, కొలత తెచ్చి, ఆరుబయట గాలిలో వాసన చూసి, “అమ్మో” అని దాన్ని చేతికందినంత దూరం పెట్టింది. అంతే, వసారా మొత్తం లేచింది. అందరూ గ్లాసులు మొక్కల దగ్గర పారబోస్తున్నారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పెంచలకృష్ణ రెండు చేతులూ జోడించి, “వదినా, మీ చేతిలో ప్రాణం దక్కింది” అంటున్నాడు.

“కొత్త గ్లాసులు, స్టీలు గరిటె” అంది వినీల. “అక్కా, మీరు ఈడ కూర్చోండి. ఈసారి మీరు చెప్పాల.”

“దానికి వేపుడు పనుంది గదా” అన్నాడు నరేంద్రబాబు గుమ్మంలోంచి.

“పొయ్యి ఇంకా వెలిగించలేదండీ” అని ప్రేమలీల కూర్చుంది. ఆ వసారాలో ఆ కుర్చీల దుమ్ము రోజూ తుడిచేది ఆమే. వాటిల్లో కూర్చుని కాళ్లు చాపుకుంటే సముద్రం గాలి ఇంత చల్లగా తగులుతుందని ఆమెకు తెలియదు.

ఒక్కో గ్లాసూ ఆమె చేతిలోకి వచ్చింది. చెప్పింది. కాల్చిన మొక్కజొన్న. పెళ్లింట్లో వాడిన మల్లెపూలు. ఎండుద్రాక్ష, పాత చెక్కపెట్టె. వాసనతోపాటు అది ఏ సీసాదో కూడా చెప్పింది. చెప్పినకొద్దీ వినీల చీటీ చూసి “కరెక్ట్!” అని అరుస్తోంది, అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇవి బొమ్మ చప్పట్లు కావు, చేతులతో కొట్టినవి. ఆరోదాని దగ్గర మాత్రం తప్పింది. జపాన్‌ది అంది, అది బెంగుళూరుది. పద్మనాభయ్య చిన్నపిల్లాడిలా సంబరపడి తేడా ఎక్కడుందో వివరించాడు. “మళ్లీ ఇయ్యండి సార్, మళ్లీ చూస్తా” అని చెయ్యి చాపి, పడీపడీ నవ్వింది. తప్పు చెప్పినా ఇంత బాగుంటుందని ఇంతకుముందు ఎవరూ ఆమెకు చూపించలేదు.

అంతకుముందు మూడో గ్లాసు దగ్గర ఆమె ‘వానకు తడిసిన కట్టెలపొయ్యి’ అనగానే పద్మనాభయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ మాట నేను గ్రూపులో చదివినానమ్మా. బాబు రాసింది.” అందరూ నరేంద్రబాబు వైపు తిరిగారు. ఆయన సముద్రం వైపు తిరిగాడు. ఆయన్ను కాపాడే మాట ఒకటి ప్రేమలీల నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లుగా వచ్చినట్టే సులువుగా వచ్చింది. దాన్ని మింగేసి, నాలుగో గ్లాసు అందుకుంది.

వెళ్లేముందు వినీల ఆమె ఫోన్ నంబరు అడిగింది. “ఒక ఇంటికి ఒకరుంటే చాలదా?” అన్నాడు నరేంద్రబాబు. “అట్టాంటి రూలేం లేదన్నా” అని వినీల ఆ నంబరును గ్రూపులో ఎక్కించింది. ఆ రోజు గ్లాసులు ప్రేమలీలే కడిగింది. ఒక్క పూటలో అన్నీ మారిపోతాయా ఏమిటి? కానీ కడిగేముందు కళ్లు మూసుకోలేదు. తెరిచే వాసన చూసింది.

తర్వాతి ఆదివారం నరేంద్రబాబు మామూలుగానే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. పాత అలవాటు కొద్దీ గ్లాసు చాపాడు. “లీలా, ఇది ఎట్టుందో చెప్పు.”

ఆమె చేతులు కడుక్కుంది. గ్లాసు అందుకుని, నిదానంగా, ఊపిరి నిండా వాసన చూసింది. ముఖమంతా వెలిగింది. ఆయన ఫోన్ తీసి వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు.

“గ్రూపులో రాస్తానండీ” అంది. “చదువుకోండి.”