మగ్గం గొంతు

కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తే లోపల ఎక్స్‌రే మిషను కనబడుతోంది. వచ్చి రెండేళ్ళయినా దాని ప్లాస్టిక్ కవరు విప్పలేదు. తలుపుకు తాళం. వెనక బెంచీ మీద మొగుడు కుళ్ళాయప్ప దగ్గలేక దగ్గుతున్నాడు.

"ఆ తాళం తియ్యండి సార్!" అంది నాగరత్నమ్మ.

"ఎందుకమ్మా అట్లా అరుస్తావు? ఇది ఆరోగ్య కేంద్రం, సంత కాదు," కాంపౌండరు కసిరాడు. "మిషను నడిపే మనిషి లేడు. అనంతపురం పోండి."

ఆమె అరవలేదు. మామూలుగా మాట్లాడితేనే అంత. ధర్మవరంలో మగ్గాలపేట మనుషులందరిదీ అదే గొంతు. ఇంటికి రెండు మగ్గాలు పొద్దస్తమానం టకటకలాడుతుంటే, పక్కనున్న మనిషికి మాట వినబడాలన్నా గట్టిగా అనాల్సిందే. ఆ గొంతుతో ఎక్కడికి పోయినా మర్యాద తెలియనివాళ్ళని ముద్ర వేశారు.

కుళ్ళాయప్ప అనంతపురం చేరలేదు. ఆటోలోనే, ఆమె ఒడిలోనే పోయాడు.

నాలుగు నెలలు తిరక్కుండానే కొడుకు ఉదయ్ కుమార్ అదే మగ్గం మీద కూర్చుని అదే దగ్గు మొదలుపెట్టాడు. ఆ వారమే షావుకారు పాండురంగయ్య ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. పట్టుచీరల వ్యాపారులు ఆరోగ్య కేంద్రం ముందర పాలరాతి ద్వారం కట్టించారు. దానికి ప్రారంభోత్సవమట.

"నువ్వే చదవల్ల నాగరత్నమ్మా. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి థ్యాంక్స్ చెప్తే పేపర్లో బాగా వస్తాది. మెల్లగా చదువు. ఆఫీసర్లు వస్తాండారు, పరువు తియ్యొద్దు."

పోతూ పోతూ మగ్గం వైపు చూసి, "అచ్చు మొన్ననే ఎక్కించినట్టుండావే," అన్నాడు. అచ్చులోని నిలువు పోగులన్నీ ఆయనవి, పట్టు ఆయనది, సరిగ ఆయనది. మగ్గం గుంటలో పెట్టిన కాళ్ళు మాత్రం ఆమెవీ, కొడుకువీ. ఆ చూపు దేనికో ఆమెకు తెలుసు.

సాయంత్రం ఆమె ఇంటి ముందర పేట కూడింది.

"చదివేసి రాక్కా," అన్నాడు పక్కింటి ఉలిగప్ప. "షావుకారితో పెట్టుకుంటే అచ్చు కోసుకోని పోతాడు. మన నోట్లో మన్నే."

"చదివితే ఉదయ్ దగ్గు తగ్గుతాదా చిన్నాయనా?" నర్సింగు చదివే హేమావతి ఎదురు తిరిగింది.

ఆరోగ్య కేంద్రం ఊడ్చే ఆశీర్వాదం దూరంగా నిలబడ్డాడు. నాగరత్నమ్మ అతణ్ణి పిలిచి తన పక్కనే కూర్చోబెట్టింది. ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

"ఆ గది ముందర రోజూ ఊడ్చేది నేనే," అన్నాడతను. "మా కాలనీలో ఈ దగ్గుతోనే ముగ్గురు పోయినారు. మేము అడిగితే బయట నిలబడమంటారు. మీరు అడిగితే మెల్లగా మాట్లాడమంటారు. తాళం మాత్రం ఇద్దరికీ ఒకటే కదప్పా."

అప్పుడు హేమావతి అంది: "అత్తా, మైకు మనకు మళ్ళీ దొరకదు. నిజమే చెప్పు. అయితే మెల్లగా, మర్యాదగా చెప్పల్ల. అప్పుడే పెద్దోళ్ళు వింటారు."

అదీ వాళ్ళు చేసిన తప్పు. తమను ఎగతాళి చేసినవాళ్ళ మాటనే నమ్మారు. నాగరత్నమ్మ వారం రోజులు మగ్గం ఆపి మెల్లగా మాట్లాడటం నేర్చుకుంది.

ప్రారంభోత్సవం నాడు వేదిక ఎక్కి, షావుకారిచ్చిన కాగితాన్ని మడిచి నడుముకు దోపుకుంది. "అందరికీ నమస్కారం. నా మొగుడు ఈ తాళం ముందరే..." అని సన్నగా మొదలుపెట్టింది.

పాండురంగయ్య మైకువాడికి కన్ను గీటాడు. మైకు ఆగిపోయింది.

"కరెంటు పోయిందమ్మా, కూచో."

తల మీద ఫ్యాన్లు గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. వెనక వరసల్లోంచి "వినపడ్లే!" అని కేకలు వచ్చాయి. ఆ కేకల మధ్య ఉదయ్ దగ్గు. ఆమెకు ఒళ్ళు మండింది. వారం రోజులు నేర్చుకున్న మర్యాదను అక్కడే వదిలేసింది.

"వినపడ్లేదా? ఇప్పుడు వినండి!"

ముందు వరసలో ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు ద్వారం దాటి రోడ్డు మీద ఆటోవాళ్ళకు కూడా వినబడింది.

"మేము నేసిన చీరలు పెండ్లిండ్లకు పోతాండాయి. మేము మాత్రం ఆటోల్లో చస్తాండాం! ఈ రాళ్ళ వాకిలి ఎవరడిగినారప్పా? లోపల మిషను ఉండాది. నడిపే మనిషి లేడంట! రెండేండ్లలో ఒక్క మనిషి దొరకలేదా? నా మొగుడు పోయినాడు. నా కొడుకును పోనియ్యను. తాళం తియ్యండి!"

"తాళం తియ్యండి!" మొదట అందుకున్నది ఆశీర్వాదం. తర్వాత హేమావతి. ఆ తర్వాత ఎవరిది ఏ గొంతో తెలియలేదు.

పోలీసులు నాగరత్నమ్మను జీపెక్కించారు. స్టేషన్లో ఎస్సై చెవులు మూసుకున్నాడు.

"మెల్లగా మాట్లాడమ్మా. మాకేం చెవుడు లేదు."

"లేదా సార్? రెండేండ్లుగా ఉండాదనుకున్యాం."

పొద్దుగూకే లోపే షావుకారి మనుషులు ఆమె ఇంటికొచ్చి మగ్గం మీద అచ్చు కోసుకుపోయారు. ఉలిగప్ప గడపలో నిలబడి అంతా చూశాడు. తన ఇంటికెళ్ళి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాడు, సగం నేసిన చీర అలాగే ఉంచి, కాళ్ళు పైకి తీసుకున్నాడు.

తెల్లారేసరికి మగ్గాలపేటలో ఒక్క మగ్గం కూడా ఆడలేదు. అంత నిశ్శబ్దం ఆ పేట ఎన్నడూ ఎరగదు. జనం ఇళ్ళు వదిలి, ఆశీర్వాదం కాలనీ మీదుగా వాళ్ళనూ కలుపుకుని, తాళం వేసిన గది ముందుకు వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు గొంతు పెంచాల్సిన అవసరమే లేదు. అయినా ఎవరూ తగ్గించలేదు.